ముందు ఊపిరి వదలడం నేర్చుకోండి: ద్వీపాలకు ఒకరోజు స్నార్కెలింగ్ ప్రయాణం

స్నార్కెలింగ్ అంటే కళ్లకు మాస్కు, నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని, నీటి మీద తేలుతూ కిందికి చూడటం. మొదటిసారి అలా సముద్రంలో ముఖం పెట్టిన నిమిషంలోపే తల పైకెత్తేశాను. మాస్కులోకి నీరు రాలేదు. గొట్టంలోకి అల కొట్టలేదు. రెండు మీటర్ల కింద ఇసుక మీద ఎండ చారలు కదలడం మసకగానైనా కనిపిస్తూనే ఉంది. అయినా గుండె దడదడలాడింది, గాలి చాలడం లేదనిపించింది. బోటు నిచ్చెన పట్టుకుని రొప్పుతుంటే, మాకు తోడుగా నీళ్లలోకి దిగిన ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, పెదవులు సున్నాలా చుట్టి, పొట్ట లోపలికి పోయేదాకా ఊపిరి వదిలి చూపించాడు. తర్వాత నన్ను చెయ్యమన్నట్టు చెయ్యి చాపాడు. నాలుగైదుసార్లు చేశాను. దడ తగ్గింది. మళ్లీ ముఖం నీళ్లలో పెట్టాను. ఆ రోజు ఇక నలభై నిమిషాల దాకా తల ఎత్తలేదు.

ఆయన చూపించిన దానిలో ఎంత విషయం ఉందో తర్వాత తెలిసింది. మనం వదిలిన గాలిలో కొంత గొట్టంలోనే ఉండిపోతుంది. భయంతో చిన్న చిన్న ఊపిరులు తీస్తే ఆ పాత గాలే మళ్లీ లోపలికి వస్తుంది. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. అది పెరిగితే ఇంకా త్వరగా పీల్చాలనిపిస్తుంది, భయం రెట్టింపవుతుంది. పూర్తిగా వదిలితేనే గొట్టం ఖాళీ అయి కొత్త గాలి వస్తుంది. నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం: పదకొండేళ్లుగా, ఏ ద్వీపం దగ్గర దిగినా, నా మొదటి రెండు నిమిషాలు ఈ లెక్కకే.

ఈత అంతంతమాత్రంగా వచ్చినవారికి, కళ్లజోడు లేనిదే ఏమీ కనిపించనివారికి, ఇంట్లో పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లాలనుకునేవారికి ఇది రాస్తున్నాను. ఈ మూడు ఇబ్బందులూ నాకు స్వయంగా తెలుసు.

రోజు, వేళ

ఉష్ణమండల ద్వీపాల దగ్గర నీరు ఏడాదంతా వెచ్చగానే ఉంటుంది. తేడా తెచ్చేది గాలి. ఒక వైపు తీరాన్ని అలలు బాదే నెలల్లో అదే ద్వీపానికి రెండో వైపు నీరు అద్దంలా ఉండవచ్చు. అందుకే ఏ నెల మంచిదని అడగడం కంటే, ఈ నెలలో ఏ వైపు ప్రశాంతంగా ఉంటుందని అక్కడి పడవవాళ్లను అడగండి. పెద్ద వాన పడ్డాక ఒకటి రెండు రోజులు ఆగండి. వాగులు తెచ్చిన మట్టితో నీరు మసకబారుతుంది, అంత దూరం వెళ్లీ చూసేదేమీ ఉండదు.

క్యాలెండరులో నేను ముందుగా చూసేది తిథి. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పనిచేసి పోటులో నీరు బాగా పైకి లేస్తుంది, ఆటులో బాగా కిందికి దిగుతుంది. చాలా చోట్ల ఈ రాకపోకకు పట్టేది ఆరు గంటల పైచిలుకే. అంత నీరు అంత సమయంలోనే కదలాలి కాబట్టి ద్వీపాల మధ్య సందుల్లో ప్రవాహం ఉరకలు వేస్తుంది. అష్టమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఆ తేడా తక్కువగా ఉంటుంది. కొత్తగా వెళ్లేవారికి ఆ రోజులు నయం. ఒక రోజులో అయితే, పోటు నిండి నీరు వెనక్కి మళ్లబోయే ముందు కాసేపు నిలకడగా ఉంటుంది. అప్పుడు పగడాల మీద లోతు తగినంత ఉంటుంది, బయటి సముద్రం నుంచి వచ్చిన తేట నీరు ఉంటుంది. బాగా ఆటు తీసిన వేళ దిగితే కొన్ని చోట్ల పగడాలు పొట్టకు గీసుకునేంత దగ్గరికి వస్తాయి.

వీలైతే ఉదయం మొదటి బోటు ఎక్కండి. పొద్దెక్కే కొద్దీ గాలి పెరుగుతుంది, మనుషులూ పెరుగుతారు. ఇక ప్రయాణం ఎంచుకునేటప్పుడు బొమ్మల్లో ఎన్ని ద్వీపాలు చూపించారన్నది చూడకండి. ఎంతమందికి ఒక తోడు మనిషి నీళ్లలో ఉంటాడో, ఒక్కో చోట ఎన్ని నిమిషాలు దిగనిస్తారో అడగండి. ఐదు చోట్ల ఆగే ప్రయాణంలో సగం రోజు తడిబట్టలతో బోటు ఎక్కడానికి, దిగడానికే సరిపోతుంది. రెండు చోట్లు, ఒక్కో చోట ముప్పావు గంట: నాకు తెలిసినంతలో ఇంతకు మించి అక్కర్లేదు.

గుండె జబ్బు, అధిక రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా వెళ్లవద్దు. నీళ్లలో పడుకున్నప్పుడు కాళ్లలో, చేతుల్లో ఉన్న రక్తం ఛాతీ వైపు వస్తుంది, గుండెకు పని పెరుగుతుంది. పైగా గొట్టం ద్వారా ఊపిరి తీయడమే కొంత శ్రమ. మామూలుగా రెండంతస్తుల మెట్లు ఎక్కితే ఆయాసపడేవారికి ఇది చిన్న విషయం కాదు. మద్యం తాగి నీళ్లలోకి దిగడం ఎవరికీ వద్దు.

మాస్కు, మిగతా సామాను

మొత్తం సామానులో మాస్కు ఒక్కటైనా సొంతంగా కొనుక్కోండి. మిగతావి అద్దెకు తీసుకున్నా ఫరవాలేదు. కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి లోపలికి లాగండి. చెయ్యి వదిలేసినా అది ముఖానికి అతుక్కుని నిలిస్తే మీకు సరిపోయినట్టు. పక్క నుంచి సన్నగా గాలి వస్తుంటే ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టేయండి. నీళ్లలో అక్కడి నుంచే కారుతుంది.

కారే మాస్కు చూడగానే అందరూ చేసే పని పట్టీ బిగించడం. బిగించే కొద్దీ అంచు ముడతపడి ఇంకా కారుతుంది, నుదుటి మీద ఎర్రటి గీత మిగులుతుంది. ముందు అంచు కింద జుట్టు ఇరుక్కుందేమో వేలితో తడిమి చూడండి. నాకు పదింట ఎనిమిదిసార్లు కారణం ఒక్క వెంట్రుకే. మీసం ఉన్నవారు పై పెదవి మీద కొద్దిగా వాజలీన్ రాసుకుంటే నీరు రావడం తగ్గుతుంది.

నా కళ్లకు మైనస్ నాలుగున్నర. మొదటి ప్రయాణంలో అందరూ తాబేలు, తాబేలు అని కేకలు పెడుతుంటే నాకు కనిపించింది గోధుమరంగు మరక. కళ్లజోడు పెట్టుకుని మాస్కు తొడగడం కుదరదు, జోడు కాడల దగ్గర నుంచి నీరు వచ్చేస్తుంది. పవరు అద్దాలు బిగించిన మాస్కులు దొరుకుతాయి, అర పాయింటు తేడాతో తయారుగా ఉంటాయి. నీటిలో వస్తువులు ఎలాగూ పెద్దవిగా కనిపిస్తాయి కాబట్టి మీ పవరుకు అర పాయింటు తక్కువైనా ఇబ్బంది ఉండదు. రెండోసారి ఆ మాస్కుతో దిగి, కింద ఒక చేప మొప్పలు కదలడం చూసినప్పుడు, నీళ్లలోనే ఏడుపు వచ్చింది. చూపు సరిగా లేనివారు దయచేసి ఈ ఒక్క విషయంలో వెనకాడవద్దు.

ఆవిరి పట్టడం రెండో పెద్ద బెడద. కొత్త మాస్కు అద్దం మీద తయారీలో అంటుకున్న సన్నని పొర ఉంటుంది. అది పోనిదే ఎన్ని చిట్కాలూ పనిచేయవు. లోపలి వైపు టూత్‌పేస్టు రాసి వేలితో ఐదు నిమిషాలు రుద్ది కడగండి, రెండు మూడుసార్లు ఇలా చేయండి. తర్వాత ప్రతిసారీ నీళ్లలోకి దిగే ముందు పొడి అద్దం మీద ఉమ్మి, వేలితో పరిచి, ఒక్కసారి సముద్రపు నీటిలో ముంచి తీయండి. ఉమ్మడం మొహమాటమైతే పిల్లల షాంపూ రెండు చుక్కలు చాలు. ఆ తర్వాత మాస్కును నుదుటి మీదికి నెట్టుకోకండి. నుదుటి వేడికి ఆవిరి పడుతుంది, ఒక అల వచ్చిందంటే మాస్కే పోతుంది. మెడకు దించుకోండి.

గొట్టం పొడవు ముప్పై అయిదు, నలభై సెంటీమీటర్ల దగ్గర ఉంటే మంచిది. ఇంకా పొడవుగా ఉంటే ఇంకా లోతుకు వెళ్లవచ్చు కదా అని మా చెల్లి కొడుకు అడిగాడు. మంచి ప్రశ్న. మీటరు లోతుకు వెళితేనే నీరు ఛాతీని నొక్కే బలం మన ఊపిరి తీసే కండరాల శక్తికి సమానమవుతుంది. పైనుంచి గాలి లాగడం అసాధ్యమైపోతుంది. అందుకే ఇది నీటి మీద తేలుతూ చూసే పని. ముఖం మొత్తం కప్పే మాస్కులు కొత్తవారికి ఆకర్షణగా కనిపిస్తాయి, ముక్కుతో ఊపిరి తీయవచ్చని. నేను మాత్రం సలహా ఇవ్వను. కంగారు పుట్టినప్పుడు నోట్లోని గొట్టాన్ని ఒక్క క్షణంలో ఉమ్మేయవచ్చు, తలంతా పట్టీలతో బిగిసిన దాన్ని తీయడానికి ఆ క్షణం చాలదు.

కాళ్లకు తొడిగే, చేప రెక్కల్లాంటి ఫిన్లు వదులుగా ఉంటే జారిపోతాయి, బిగుతుగా ఉంటే అరగంటలో బొబ్బలు లేస్తాయి. పలచటి మేజోళ్ల మీద వేసుకుంటే రెండు బాధలూ తగ్గుతాయి. వాటిని నీళ్ల అంచున వేసుకోండి, నడవాల్సి వస్తే వెనక్కి నడవండి.

ఎండ గురించి ఒక మాట. ముఖం నీళ్లలో ఉంటుంది కాబట్టి కాలేది వీపు, మెడ వెనుక, మోకాళ్ల వెనుక. నీరు చల్లగా తగులుతుంటే కాలుతున్నట్టు తెలియదు, సాయంత్రం తెలుస్తుంది. పూర్తి చేతుల ఈత చొక్కా, కాళ్లు కప్పే ఈత ప్యాంటు వేసుకుంటే క్రీము రాయవలసిన చోటు ముఖం, చేతులు, పాదాల వరకు తగ్గిపోతుంది. ఇది పగడాలకూ మేలు. పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో, ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 జనవరి 1 నుంచి నిషేధించింది. పసిఫిక్ ద్వీప దేశం పలావులో 2020 నుంచే ఇలాంటి నిషేధం ఉంది, థాయ్‌లాండ్ 2021లో తన సముద్ర జాతీయ ఉద్యానాల్లో వీటిని ఆపింది. జింక్ ఆక్సైడ్ ఉన్న తెల్లటి క్రీము అయితే ఈ పేచీ ఉండదు. దిగడానికి ఇరవై నిమిషాల ముందే రాసుకోండి.

బోటులో

కడుపు తిప్పేవారు బోటు ముందు భాగంలో కూర్చోవద్దు, అది ఎగిరెగిరి పడుతుంది. మరీ వెనుక ఇంజను పొగ. మధ్యలో, కాస్త వెనుకగా, గాలి తగిలే చోట కూర్చుని దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తుండండి. ఫోను చూడకండి. మాత్ర వేసుకునే అలవాటుంటే డాక్టరు చెప్పిన మాత్ర గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ. కొన్ని మాత్రలు నిద్ర తెప్పిస్తాయి, కాబట్టి అంతకు ముందు ఒక రోజు ఇంట్లో వేసుకుని చూడటం మంచిది. ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ చెడ్డవే.

బయలుదేరే ముందు చెప్పే మాటలు శ్రద్ధగా వినండి. దిగినవారు ఎంతమంది, ఎక్కినవారు ఎంతమంది అన్న లెక్క మీ కళ్లముందే జరగాలి. 1998లో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ దగ్గర లెక్క తప్పి, ఇద్దరు డైవర్లను సముద్రంలోనే వదిలి బోటు వెళ్లిపోయింది. వారు మళ్లీ దొరకలేదు. అప్పటి నుంచి అక్కడ తలల లెక్క నియమాలు కట్టుదిట్టం చేశారు. బోటువాళ్లు ఎంత జాగ్రత్తపరులైనా, నా వెంట వచ్చినవారిని నేనే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాను. అడిగి మరీ తెలుసుకోవలసినవి ఇంకో రెండు: నిచ్చెన ఏ వైపు, తిరిగి రమ్మనే గుర్తు ఏమిటి.

సైగలు కూడా అప్పుడే ఖాయం చేసుకోండి. చేతిని వంచి అరచేతిని నడినెత్తిన పెట్టుకుంటే బాగున్నానని అర్థం, దూరం నుంచి కూడా పెద్ద సున్నాలా కనిపిస్తుంది. చెయ్యి నిటారుగా ఎత్తి అటూ ఇటూ ఊపితే సాయం కావాలని. కాబట్టి బోటులో ఉన్నవారికి ఊరికే టాటా చెప్పకండి.

నీళ్లలో

ముందు నడుము లోతు నీటిలో, నిలబడగలిగిన చోట, మూడు పనులు చేసి చూడండి. ముఖం నీళ్లలో పెట్టి, నేను చెప్పిన లెక్కతో ఊపిరి. తర్వాత కావాలనే గొట్టంలోకి నీరు రానిచ్చి, ఊదుగొట్టంతో పొయ్యి రాజేసినట్టు ఒక్క ఊపున బలంగా ఊది బయటికి పంపడం. చివరిగా మాస్కులోకి కొంచెం నీరు రానిచ్చి, పై అంచును రెండు వేళ్లతో నొక్కిపట్టి, ముఖం కాస్త పైకెత్తి ముక్కుతో గాలి వదలడం. లోపలి నీరు కింది అంచు నుంచి జారిపోతుంది. చూడండి, మూడింటిలోనూ చేసేది ఊపిరి వదలడమే. ఆ మూడూ రెండేసిసార్లు కుదిరితే లోతుకు వెళ్లవచ్చు.

లైఫ్ జాకెట్ వేసుకోండి. ఈత వచ్చినవారు కూడా కనీసం గాలి నింపే పలచటి చొక్కా వేసుకోవచ్చు. తేలడానికి బలం ఖర్చు కాకపోతే ఆ బలమంతా చూడటానికి మిగులుతుంది. కాళ్లు తొడల దగ్గర నుంచి, నెమ్మదిగా, నీటి అడుగునే కదలాలి. సైకిలు తొక్కినట్టు మోకాళ్లు ముడిచి తన్నితే ముందుకు పోరు, అలసిపోతారు. చేతులతో ఈదవద్దు, పక్కన పెట్టుకోండి.

ప్రవాహం సంగతి నాకు ఒక తాబేలు నేర్పింది. మా చెల్లీ నేనూ దాని వెనుక పడి, అది గడ్డి మేస్తుంటే చూస్తూ, మళ్లీ కదిలితే కదులుతూ, ఎంతసేపు గడిచిందో చూసుకోలేదు. తల ఎత్తితే బోటు అగ్గిపెట్టెంత కనిపించింది. తిరిగి ఈదడం మొదలుపెట్టాం. కింద ఒక గుండ్రటి పగడపు బండ ఉంది. అయిదు నిమిషాలు తన్నుకున్నాక చూస్తే అదే బండ మా కిందే ఉంది. పిక్కలు పట్టేశాయి. మళ్లీ ఆ చిన్న చిన్న ఊపిరులు మొదలయ్యాయి. చెల్లి నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరం వెల్లకిలా తిరిగి, జాకెట్ల మీద తేలుతూ, ఆరు లెక్కపెడుతూ ఊపిరి వదిలాం. తర్వాత ఇద్దరం ఒక్కో చెయ్యి ఎత్తి ఊపాం. చెల్లి జాకెట్ పసుపుపచ్చది, సరంగు దాన్నే గుర్తుపట్టాడు. బోటు మా దగ్గరికే వచ్చింది.

ఆ రోజు నుంచి పాటిస్తున్నవి చెబుతాను. దిగగానే కదలకుండా ఒక నిమిషం తేలి, కిందనున్న రాయితో పోల్చి ఏ వైపు కొట్టుకుపోతున్నామో చూడాలి. ముందు దానికి ఎదురుగా వెళ్లాలి, అలసిపోయాక ప్రవాహమే వెనక్కి తెస్తుంది. ప్రతి మూడు నాలుగు నిమిషాలకు తల ఎత్తి బోటునూ తోడు మనిషినీ చూడాలి. ఒంటరిగా ఎప్పుడూ వెళ్లకూడదు. ప్రవాహంలో చిక్కుకుంటే పోరాడకుండా తేలుతూ చెయ్యి ఎత్తాలి. నీళ్లలో మునిగిపోతున్నవారు చాలాసార్లు కేక వేయలేరు, పక్కవారి మౌనాన్ని కూడా గమనించాలి. ఇంకొకటి: కిందికి మునిగి చూడాలన్న సరదాతో వేగంగా నాలుగైదుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి మునగవద్దు. అలా చేస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, ఊపిరి కావాలన్న హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. అంతకు ముందే స్పృహ తప్పవచ్చు.

చూడటం

కొత్తవారు ఎక్కువ చోట్లు తిరిగితే ఎక్కువ కనిపిస్తుందనుకుంటారు. జరిగేది దీనికి తలకిందులు. మీరు తన్నుకుంటూ వెళుతుంటే చిన్న ప్రాణులన్నీ కన్నాల్లో దూరిపోతాయి. ఒకచోట తేలుతూ, నెమ్మదిగా ఊపిరి తీస్తూ రెండు నిమిషాలు ఆగితే ఒక్కొక్కటే బయటికి వస్తాయి.

పగడాల పక్కన రెండు మీటర్ల లోపు లోతున్న ఇసుక మేటలు ఉంటాయి, అందరూ దాటేసి పోయే చోట్లు. అక్కడ ఒక కన్నం ముందు వేలెడు చేప కదలకుండా కూర్చుని ఉంటే ఆగండి. అది గోబీ. కొద్దిసేపటికి కన్నంలోంచి ఒక రొయ్య వస్తుంది, ముందు కాళ్లతో కాసింత ఇసుక బుల్డోజరులా నెట్టుకుంటూ. గుమ్మం ముందు పోసి లోపలికి వెళుతుంది, మళ్లీ తెస్తుంది. ఆ రొయ్యకు చూపు సరిగా ఆనదు. అందుకే బయటికి వచ్చినంతసేపూ తన పొడుగాటి మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించే ఉంచుతుంది. ఏదైనా నీడ పడిందా, గోబీ తోక చిన్నగా అదురుతుంది. రొయ్య చటుక్కున లోపలికి. అపాయం మరీ దగ్గరైతే వెనకే గోబీ కూడా తలకిందులుగా. ఇల్లు కట్టేది ఒకరు, కాపలా ఇంకొకరు. నేను ఒకసారి ఆ గుమ్మం దగ్గరే ఇరవై నిమిషాలు ఉండిపోయాను, మిగతావారు షార్కును చూసి వచ్చారు. నాకేమీ తక్కువైనట్టు అనిపించలేదు.

చెవులు కూడా తెరిచి ఉంచండి. నీళ్లలో కటకట, కరకర శబ్దం వినిపిస్తుంది. పటపటమని పేలేది రొయ్యల చిటికెలు. కరకరమని నమిలేది చిలుక చేప. దాని పళ్లు కలిసిపోయి చిలుక ముక్కులా ఉంటాయి. వాటితో పగడపు రాయిని గీరి, దాని మీది నాచును తిని, రాతిని పొడి చేసి విసర్జిస్తుంది. పెద్ద చిలుక చేప ఏడాదికి వందల కిలోల ఇసుక ఇలా తయారు చేయగలదు. మీరు మధ్యాహ్నం నడిచే తెల్లటి తీరంలో దాని వాటా కూడా ఉంటుంది.

నీటిలో దూరాలు మోసం చేస్తాయి. నాలుగు మీటర్ల దూరంలో ఉన్నది మూడు మీటర్లలో ఉన్నట్టు, మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. ఎర్ర రంగు మొదట మాయమవుతుంది, కొన్ని మీటర్ల లోతులోనే ఎర్రటివి గోధుమరంగుకు తిరుగుతాయి. అందుకే అందమైన రంగులన్నీ పై రెండు మూడు మీటర్లలోనే. అంటే నీటి మీద తేలుతూ చూసేవారికి కనబడేది ఆ రంగుల నేలే.

ఇక తాకడం గురించి. పగడం రాయిలా కనిపించినా ప్రాణి. వేలాది చిన్న జీవులు కలిసి కట్టుకున్న ఇల్లు అది, వాటి ఒంట్లో నాచు జాతికి చెందిన సూక్ష్మ శైవలాలు కాపురముండి ఎండతో ఆహారం తయారు చేసి పెడతాయి. గుండ్రటి బండల్లాంటి పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి. మా రెండో ప్రయాణంలో మాస్కు సర్దుకోవడానికి నిటారుగా తిరిగాను, ఫిన్ కొస ఒక కొమ్మ పగడానికి తగిలింది. సుద్దముక్క విరిగినట్టు చిన్న శబ్దం. వేలెడు కొమ్మ కింద ఇసుకలో పడింది, విరిగిన చోట తెల్లగా మెరిసింది. ఇప్పటికీ ఆ తెలుపు గుర్తుంది. నిటారుగా తిరగాల్సి వస్తే ముందు ఇసుక మీదికో లోతు నీటి మీదికో వెళ్లండి. పగడం మీద ఎంత అలసిపోయినా నిలబడవద్దు, వెల్లకిలా తేలండి.

మనం ముట్టుకోకపోయినా వాటికి కష్టం తప్పడం లేదు. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కంటే నీరు ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడాలు తమలోని శైవలాలను బయటికి పంపేసి తెల్లబారతాయి. 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా, ప్రపంచమంతటా ఇలా తెల్లబారడం ఇది నాలుగోసారి అని ప్రకటించింది. తెల్లబారిన పగడం వెంటనే చనిపోయినట్టు కాదు, నీరు చల్లబడితే కోలుకోవచ్చు. అలాంటి వాటి దగ్గర ఇంకా మెల్లగా మెలగండి. చేపలకు మేత వేయవద్దు. తాబేలు పైకి వస్తుంటే అడ్డం తొలగండి, అది ఊపిరి కోసం వస్తోంది.

కుట్టేవి, గుచ్చేవి ఉంటాయి. ఏదీ ముట్టుకోకపోతే, అడుగున కాలు పెట్టకపోతే చాలావరకు వాటితో పని పడదు. రాతి చేప, లయన్ చేప ముల్లు గుచ్చుకుంటే తట్టుకోగలిగినంత వేడి నీటిలో, 45 డిగ్రీలు దాటకుండా, ఆ భాగాన్ని ముంచి ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. పెట్టె ఆకారపు జెల్లీ చేపలుండే చోట వెనిగర్ సీసా బోటులో ఉండాలి, కుట్టిన చోట మంచినీళ్లు పోయకూడదు, రుద్దకూడదు. పగడం గీసుకుంటే గాయం చిన్నదైనా బాగా కడిగి మందు రాయండి, త్వరగా చీము పడుతుంది.

అమ్మ ప్రయాణం

మా అమ్మకు అరవై మూడేళ్లప్పుడు తీసుకెళ్లాను. ఈత రాదు. డాక్టరు సరేనన్నాక, ఇంటి దగ్గర బకెట్టు నీళ్లలో ముఖం పెట్టి వారం రోజులు ఊపిరి అలవాటు చేసుకుంది. అక్కడ లైఫ్ జాకెట్ వేసి, బోటులో ఉన్న తెల్లటి రింగు బోర్లా పడుకున్నట్టు పట్టుకోమని, తాడు కొస నేను పట్టుకున్నాను. తోడు మనిషి పక్కనే ఉన్నాడు. తీరానికి ఇరవై అడుగుల దూరం, అమ్మ మెడ లోతు, అంతకు మించి వెళ్లలేదు. అక్కడే పువ్వులా కనిపించే అనిమోన్ అనే సముద్ర జీవి, దాని వేళ్ల మధ్య క్లౌన్ చేపల కుటుంబం. వాటిలో అన్నిటికంటే పెద్దది ఆడది, అది చనిపోతే దాని జంట మగచేప ఆడదిగా మారిపోతుంది. ఈ సంగతి చెబితే అమ్మ గొట్టం తీసి, అయితే ఇంటి పెద్ద ఎప్పుడూ తల్లేనన్నమాట అంది. మళ్లీ ముఖం పెట్టింది. పదిహేను నిమిషాలకు చలి వేసి తనే చాలంది.

చలి మాట నిజం. వెచ్చటి నీరు కూడా ఒంటి వేడిని గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తుంది. పెదవులు నీలంగా మారినా, వణుకు వచ్చినా, పిక్క పట్టినా బయటికి వచ్చేయాలి. నీళ్లలో ఉన్నా ఒంట్లో నీరు తగ్గిపోతుంది, పైగా మూత్రం ఎక్కువ వస్తుంది. ప్రతిసారి పైకి వచ్చినప్పుడూ మంచినీళ్లు తాగండి. రెండో చోట దిగాలా వద్దా అన్న సందేహం వస్తే బోటులో కూర్చోండి, తేటనీరైతే అక్కడి నుంచి కూడా కనిపిస్తుంది.

తిరిగి వచ్చాక

తల పక్కకు వంచి చెవుల్లో నీరు కారనివ్వండి, పుల్లలు పెట్టకండి. ఆ రాత్రి మంచం కాసేపు ఊగుతున్నట్టు ఉంటుంది, నిద్రపోతే తగ్గుతుంది. మాస్కు, గొట్టం, ఫిన్లు మంచినీటిలో అరగంట నానబెట్టండి. పట్టీ బిగించే బొత్తాల్లో ఉప్పు గడ్డకడితే మరుసటిసారి కదలవు. నీడలో ఆరబెట్టాలి, ఎండకు సిలికాన్ పాడవుతుంది. ఆరాక పెట్టెలో అద్దం పైకి ఉండేలా, అంచు దేనికీ నొక్కుకోకుండా పెట్టండి. నొక్కుకున్న అంచు ఆ వంకరతోనే ఉండిపోతుంది, తర్వాతిసారి అక్కడి నుంచే నీరు కారుతుంది.